నింద మోపింది లోకం, కథ మాత్రం వారిదే: అపోహలు – వాస్తవాలు

టీవీ తెర కింద ఎర్ర పట్టీలో పేరు పరుగెత్తడం మొదలైందంటే, ఆ మనిషి జీవితం మీద ఊరందరికీ హక్కు వచ్చేసినట్టే. పెళ్ళి, పాత ఫొటోలు, బ్యాంకు అప్పులు, పిల్లలు చదివే బడి, అన్నీ చర్చకొస్తాయి. తలా ఒక కథ అల్లుతారు. ఆ కథలో మాట్లాడే వీలు లేనిది ఆ ఒక్క మనిషికే. ఏళ్ళు గడిచి వారు నోరు విప్పితే, "ఇప్పుడెందుకు తవ్వుకోవడం?" అని మళ్ళీ మనమే అంటాం.

ఈ విషయంలో మనలో పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిని నిజంగా జరిగిన సంగతుల పక్కన పెట్టి చూస్తే నిలబడవు. అన్నిటికీ మూలం ఒకే పొరపాటు: పోయిన పరువును లోకమే తిరిగి ఇవ్వాలనుకోవడం. నింద పడ్డవారికి లోకం మెప్పు కన్నా ముందు దక్కాల్సింది మరొకటి ఉంది. తన జీవితం గురించి ఎప్పుడు, ఎవరితో, ఎంత చెప్పాలో తానే తేల్చుకునే అధికారం అది.

అపోహ 1: నిప్పు లేనిదే పొగ రాదు. ఏమీ లేకుండానే అంత పెద్ద వార్త అవుతుందా?

వాస్తవం: 1994 అక్టోబరులో తిరువనంతపురంలో ఒక మాల్దీవుల మహిళను, వీసా గడువు దాటినా దేశంలో ఉన్నారంటూ పోలీసులు అరెస్టు చేశారు. కొద్ది వారాల్లో అది ఇస్రో గూఢచర్యం కేసుగా మారింది. క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్ రహస్యాలను పాకిస్తాన్‌కు చేరవేశారన్న ఆరోపణతో నవంబరు 30న శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారు. దాదాపు 50 రోజులు ఆయన నిర్బంధంలో ఉన్నారు. రాకెట్లు, డబ్బు, పరాయి దేశపు స్త్రీలు ఉన్న కథ కావడంతో పత్రికలు రోజుకో కొత్త మలుపు రాశాయి.

అప్పుడే ఎవరైనా ఒక ప్రశ్న అడిగి ఉండాల్సింది. క్రయోజెనిక్ ఇంజన్ తయారుచేసే పరిజ్ఞానం ఆనాటికి మన దేశం దగ్గరే లేదు. రష్యా నుంచి దాన్ని తెచ్చుకుందామన్న ఒప్పందం 1993లోనే అమెరికా ఒత్తిడితో దెబ్బతింది. మన దగ్గర లేనిదాన్ని ఆయన ఎలా అమ్మగలరు? 1996లో సీబీఐ ఆ ఆరోపణలు అబద్ధమని తేల్చింది. కేరళ ప్రభుత్వం దర్యాప్తును మళ్ళీ తెరవాలని చూస్తే 1998లో సుప్రీంకోర్టు ఆ ప్రయత్నాన్ని కొట్టేసింది.

నిప్పు లేకుండానే అంత పొగ ఎలా వచ్చిందంటే, పేరు చెప్పని "పోలీసు వర్గాల" మాటలు సాక్ష్యాల్లాగా అచ్చయ్యాయి. ఒక పత్రిక రాసిందని మరో పత్రిక రాసింది. విన్నవారికి అన్నిచోట్లా అదే మాట వినిపించి నిజమనిపించింది. ఈ రోగం ఇంకా పోలేదు కాబట్టే, కేసుల వివరాలను పోలీసులు మీడియాకు ఎలా చెప్పాలో నియమావళి రాయమని 2023లో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించాల్సి వచ్చింది.

మనకు దగ్గరి విషయం ఒకటుంది. శ్రీహరికోట నుంచి లేచే ప్రతి పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో మండేది వికాస్ ఇంజన్. దాన్ని రూపొందించడంలో ముందు నిలిచినవారు నంబి నారాయణనే. సూళ్ళూరుపేట వాసులు మేడలెక్కి చూసే ఆ వెలుగులో, దేశద్రోహి అనిపించుకున్న మనిషి చేతిపని ఉంది.

అపోహ 2: మౌనం అర్ధాంగీకారం. తప్పు లేకపోతే అప్పుడే ఎందుకు మాట్లాడలేదు?

వాస్తవం: కేసు నడుస్తుండగా నోరు మెదపవద్దని లాయర్లు చెబుతారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితులను బలవంతపెట్టకూడదని మన రాజ్యాంగం 20(3) అధికరణమే రక్షణ ఇచ్చింది. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలు ఉండవచ్చు, ఉద్యోగం ఊగిసలాడుతుండవచ్చు. అన్నిటికీ మించి, జరిగినదాన్ని తట్టుకోవడానికే మనిషికి ఏళ్ళు పడుతుంది.

అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్‌తో సంబంధం 1998 జనవరిలో బయటపడేనాటికి మోనికా లెవిన్‌స్కీకి 24 ఏళ్ళు. స్నేహితురాలనుకున్న మనిషి చాటుగా రికార్డు చేసిన ఫోన్ మాటలు లోకమంతా విన్నది. ఆ వ్యవహారం మీద దర్యాప్తు జరిపిన స్వతంత్ర న్యాయవాది స్టార్ ఇచ్చిన నివేదికను ఆ సెప్టెంబరులో ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఒక యువతి ఆంతరంగిక విషయాలు ఆ నివేదికలో పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆమె దాదాపు పదేళ్ళపాటు జనం కళ్ళకు దూరంగా ఉండిపోయారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సామాజిక మనస్తత్వశాస్త్రం చదివి 2006లో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. ఆ పట్టా ఉన్నా, పేరు చూసి ఉద్యోగమిచ్చేవారు దొరకలేదు. 2014లో వ్యానిటీ ఫెయిర్ పత్రికలో తన పేరుతో వ్యాసం రాశారు. మరుసటి ఏడాది టెడ్ వేదిక మీద, మనుషులను సిగ్గుపరచడం వ్యాపారంగా మారిన తీరు గురించి మాట్లాడారు. 2021లో తన కథ మీదే వచ్చిన టీవీ ధారావాహికకు నిర్మాతల్లో ఒకరయ్యారు.

ఆ మౌనం ఒప్పుకోలు కాదు. అది ఆమె చదువుకున్న కాలం, తన అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి మాటలు సమకూర్చుకున్న కాలం.

అపోహ 3: వెంటనే కెమెరా ముందుకొచ్చి మనసులో ఉన్నదంతా చెప్పేస్తే భారం దిగిపోతుంది, జనం నమ్ముతారు.

వాస్తవం: లెవిన్‌స్కీ 1999 మార్చిలో బార్బరా వాల్టర్స్‌కు ఇంటర్వ్యూ ఇచ్చారు. అమెరికాలో కోట్లమంది చూశారు. అయినా ఆమె మీద జోకులు ఆగలేదు. ప్రశ్నలు వేరేవారివి, కోతలూ కూర్పులూ వేరేవారివి అయినప్పుడు, మాట్లాడింది తానే అయినా కథ తనది కాలేదు. అదే మనిషి పదిహేనేళ్ళకు సొంతంగా రాసిన వ్యాసం మాత్రం ఆమెను చూసే తీరును మార్చింది.

పెద్ద దెబ్బ తగిలినవారిచేత వెంటనే అంతా చెప్పించడం మేలు చేస్తుందని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మేవారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి వద్దంటోంది. ఇక టీవీ చర్చలో పదిమంది అరుస్తుండగా చెప్పడం గురించి వేరే చెప్పాలా?

మేలుచేసే దారి ఇంట్లోనే ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు తమను కలచివేసిన అనుభవాల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. వారు లోకానికి చూపించడానికి రాయలేదు.

అందుకే ముందు మీకోసం మీరు రాసుకోండి. తేదీలు, నోటీసులు, వచ్చిన మెసేజ్‌లు, వార్తల కత్తిరింపులు ఒక ఫైల్లో పెట్టండి. తర్వాత నమ్మకమున్న ఒకరిద్దరికి చెప్పండి. బయటివారికి చెప్పాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట. నిద్ర పట్టక, బతకాలనిపించక సతమతమవుతుంటే అవేవీ ముఖ్యం కాదు. వెంటనే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

అపోహ 4: కోర్టు నిర్దోషి అని చెప్పాక మచ్చ పోయినట్టే. ఇక చెప్పుకోవడానికేముంది?

వాస్తవం: ఆరోపణ మొదటి పేజీలో వస్తుంది. తీర్పు లోపలి పేజీలో వస్తుంది, అదీ వస్తే. నంబి నారాయణన్ అరెస్టు అనవసరమని, ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 14న చెప్పింది. అప్పటికి 24 ఏళ్ళు గడిచాయి. అదే కేసులో నిందితుడిగా నలిగిన కె. చంద్రశేఖర్ ఆ తీర్పు వచ్చిన రెండు రోజులకు కన్నుమూశారు. కేసులో ఇరుక్కున్న ఇద్దరు మాల్దీవుల మహిళలు మూడేళ్ళకు పైగా జైల్లో ఉన్నారు. వారి గురించి అచ్చయిన రాతలను వెనక్కి తీసుకున్నది ఎవరు?

మన దగ్గరా ఉంది ఇలాంటి గాయం. విజయవాడ సమీపంలో 2007లో జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసులో పేదింటి యువకుడికి 2010లో జీవిత ఖైదు పడింది. అతను దోషి కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే పదేపదే చెప్పారు. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికి యౌవనంలో ఎనిమిదేళ్ళకు పైగా జైలుపాలయ్యాయి.

తీర్పు అవసరమే, కానీ అది సగం పనే చేస్తుంది. నంబి నారాయణన్ ఏం చేయలేదో కోర్టు చెప్పింది. ఏం చేశారో ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. తుది తీర్పు కోసం ఆగకుండా 2017లోనే మలయాళంలో ఆత్మకథ తెచ్చారు. మరుసటి ఏడాది ఇంగ్లీషులో పుస్తకం వచ్చింది. 2019లో పద్మభూషణ్ అందుకున్నారు. 2022లో మాధవన్ తీసిన 'రాకెట్రీ' సినిమాతో కొత్త తరానికి ఆయన రాకెట్ శాస్త్రవేత్తగా పరిచయమయ్యారు.

అపోహ 5: నిజంగా తప్పు చేసినవాళ్ళకు తమ కథ చెప్పుకునే హక్కెక్కడిది?

వాస్తవం: అమాయకులకే కాదు, పొరపాటు చేసిన మనిషికీ ఆ హక్కు ఉంది. తన నిర్ణయాలకు చింతిస్తున్నానని లెవిన్‌స్కీ దాచకుండానే చెప్పారు. అయితే ఆ వ్యవహారంలో ఒకరు దేశాధ్యక్షుడు, మరొకరు శ్వేతసౌధంలో ఇంటర్న్‌గా చేరిన అమ్మాయి. ఆయన పదవీకాలం పూర్తిచేసుకున్నారు. ఆమె పేరు మాత్రం ఏళ్ళ తరబడి నవ్వులాటకు సరుకైంది.

చేసిన పనికి జవాబు చెప్పడం వేరు, మనిషిగా పనికిరానని ఒప్పుకోవడం వేరు. మొదటిది న్యాయం అడుగుతుంది. రెండోది గుంపు అడుగుతుంది. మొదటిదానికి ఒక ముగింపు ఉంటుంది: క్షమాపణ, పరిహారం, శిక్ష. రెండోదానికి ముగింపంటూ ఉండదు.

ఒక హద్దు మాత్రం ఉంది. ఇతరులకు హాని చేసినవారు, ఆ హానిని చిన్నదిగా చూపి బాధితుల నోరు మూయించడానికి పుస్తకాలు రాయించి ఇంటర్వ్యూలు ఇప్పించుకుంటే అది సొంత కథ చెప్పుకోవడం అనిపించుకోదు. తన కథ చెప్పుకునే హక్కులో, ఎదుటివారి కథను తుడిచేసే హక్కు లేదు.

అపోహ 6: అఘాయిత్యానికి గురైన స్త్రీ పేరు బయటపడితే ఆమె బతుకు అంతటితో సరి.

వాస్తవం: 2012 ఫిబ్రవరిలో కోల్‌కతా పార్క్ స్ట్రీట్ దగ్గర సామూహిక అత్యాచారానికి గురైన మహిళ ఫిర్యాదును, అధికారంలో ఉన్నవారే కట్టుకథ అన్నారు. ఆమె అంత రాత్రివేళ బయట ఎందుకున్నారన్న దాని మీదే చర్చ నడిచింది. 2013లో ఆమె ముఖం కప్పుకోకుండా కెమెరా ముందుకొచ్చి తన పేరు సుజెట్ జోర్డన్ అని చెప్పారు. సిగ్గుపడాల్సింది తాను కాదన్నదే ఆమె వాదన. 2015 మార్చిలో అనారోగ్యంతో మరణించారు. అదే ఏడాది డిసెంబరులో కోర్టు ముగ్గురిని దోషులుగా తేల్చింది. ఆమె చెప్పింది నిజమని రుజువైన రోజున వినడానికి ఆమె లేరు.

బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. బతికున్న వయోజన బాధితురాలు రాతపూర్వకంగా అనుమతిస్తే మాత్రం పేరు ప్రచురించవచ్చు. అంటే పేరు దాచుకోవడమూ ఆమె హక్కే, చెప్పుకోవడమూ ఆమె హక్కే. ఆ నిర్ణయం పోలీసులదీ కాదు, విలేకరిదీ కాదు, ఇంటి పెద్దలదీ కాదు.

అపోహ 7: మీడియాను ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: దారులున్నాయి, కానీ గడువులు తక్కువ. దినపత్రిక రాతల మీద ముందు సంపాదకుడికి రాసి, ప్రచురించిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, అభిశంసించగలదు. టీవీ కార్యక్రమాల మీద ఫిర్యాదు చేస్తే ఛానల్ 15 రోజుల్లో జవాబివ్వాలని 2021 నుంచి కేబుల్ టీవీ నియమాలు చెబుతున్నాయి. ఆ జవాబు తృప్తినివ్వకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు. పరువునష్టానికి పరిహారం కోరే సివిల్ దావాను ప్రచురించిన ఏడాదిలోపే వేయాలి. న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద క్రిమినల్ ఫిర్యాదుకూ వీలుంది. కోర్టు మెట్లెక్కడం అందరికీ కుదరదు. అయినా రాతపూర్వకంగా ఖండించిన ఒక ఉత్తరం ఉంటే, రేపు మీ కథ చెప్పేటప్పుడు అదే మొదటి ఆధారమవుతుంది.

చూసేవాళ్ళం మనం

నిందను మోసేది ఒకరే, మోపేది వేలమంది. ఆ వేలమందిలో మనం ఉంటాం. మీ బంధువుల్లో, వీధిలో, ఆఫీసులో ఇలా నలిగినవారుంటే అసలేం జరిగిందని ఆరా తీయకండి. మునుపటిలాగే పేరు పెట్టి పిలవండి, శుభకార్యాలకు పిలవండి. వారు చెప్పాలనుకున్న రోజున అడ్డుపడకుండా వినండి. చెప్పకపోతే అది వారి ఇష్టమని వదిలేయండి. ఇక, ఆరోపణ వచ్చిన నాడు ఆ వార్తను వాట్సాప్ గ్రూపులో పంపినవారు మీరే అయితే, నిర్దోషి అని తేలిన వార్తను కూడా అదే గ్రూపులో, అదే మనుషుల ముందు పెట్టండి. అది వారికి చేసే ఉపకారం కాదు, మనం తీర్చాల్సిన బాకీ.