కడుపులో దాగిన వాతాపి

సిరియాలోని అలెప్పో నగరమున చెక్కిళ్ళపై లేచు ఒక వ్రణమునకు 'ఏడాది పుండు' అని పేరు. అది మానినను మచ్చ జీవితాంతము నిలుచును. ఇసుక ఈగ కుట్టినపుడు చర్మమున చేరు లీష్మేనియా అను ఏకకణజీవి దీనికి మూలము. క్రిములను మింగి హరించుటకే యున్న మాక్రోఫేజ్ కణములోననే ఇది కాపురము పెట్టును. అగస్త్యుని మంత్రము ఈ వాతాపిపై పారదు! పైగా ఆ కణము పంపవలసిన ఇంటర్‌ల్యూకిన్-12 అను కబురును అణచివేయును. కబురందినచో రక్షక టి-కణములు ఇంటర్‌ఫెరాన్-గామాను విడుచును. అంతట మాక్రోఫేజ్ నైట్రిక్ ఆక్సైడును పుట్టించి క్రిమిని చంపును. 1989 నాటి పరిశోధనలో, కోలుకొన్న చిట్టెలుకలలో ఈ ఇంటర్‌ఫెరానును, క్షీణించిన వానిలో మాక్రోఫేజ్‌ను జోకొట్టు ఇంటర్‌ల్యూకిన్-4ను హెచ్చుగా కానవచ్చినవి. మనుష్యులలో లెక్క ఇంత సూటిగా లేదు. దక్షిణ అమెరికాలో ముక్కును తినివేయు రకమున కబురు మితిమీరుటయే కణజాలమును చెరచుచున్నది.