వీధి ఏ దిక్కు? – హాయిల్‌లో ఇంటి ఎంపిక

ఇల్లు వెదకేటప్పుడు గుమ్మం తూర్పుకా, ఉత్తరానికా అని విచారించడం తెలుగువారికి పరిపాటి. సౌదీ అరేబియాలోని హాయిల్ నగరంలో అద్దె ఇల్లు చూచుకొనే కుటుంబం అడుగవలసిన దిక్కు మరొకటి ఉన్నది. అది ఇంటి ముందరి వీధి దిక్కు.

2018 జూన్ వరకు ఈ దేశంలో స్త్రీలకు కారు నడిపే అనుమతి లేదు. భర్త ఉద్యోగం నుండి తిరిగి వచ్చేవరకు ఇల్లాలి లోకం ఆమె నడిచి వెళ్ళగలిగినంత మేరకే. అనుమతి లభించినా, కారు నడపని తల్లులకు, పిల్లలకు, చూచిపోవడానికి వచ్చే అమ్మమ్మ తాతయ్యలకు పరిస్థితి నేటికీ అదే. బకాలా, మందుల దుకాణం, పార్కు కాలినడకన అందినప్పుడే వారికి ఆ ఊరు తమదనిపిస్తుంది.

అయితే పటంలో దూరం ఒక్కటే చూచి తృప్తిపడరాదు. అర కిలోమీటరు నడకకు మనకు ఆరేడు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఎండలోనా, నీడలోనా అన్నదే అసలు ప్రశ్న.

హాయిల్ సుమారు 27.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. జూన్ చివరివారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 86 డిగ్రీల ఎత్తుకు చేరుతాడు. అప్పుడు ఎనిమిది మీటర్ల ఇంటి నీడ అర మీటరుకు కొంచెం ఎక్కువ. అంటే నీడ లేనట్లే. ఉదయం 9 గంటల ప్రాంతంలోనూ, మధ్యాహ్నం 3.30 ప్రాంతంలోనూ సూర్యుడు ఇంచుమించు 45 డిగ్రీల ఎత్తున, దాదాపు సరిగ్గా తూర్పున లేక పడమట ఉంటాడు. అప్పుడు నీడ పొడవు ఇంటి ఎత్తుతో సమానం. కనుక ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో ఉదయం తూర్పు వైపు, సాయంత్రం పడమటి వైపు కాలిబాటపై నీడ పరచుకొంటుంది. తూర్పు పడమరల వీధిలోనో, ఎండ వీధి పొడవునా పరుగెత్తుతుంది. ప్రహరీకి బాగా లోపలగా కట్టిన విల్లాల నీడ వారి ఆవరణలోనే చాలావరకు ఆగిపోతుంది. వీధిని ఆనుకొని కట్టిన భవనాల నీడే బాటసారికి దక్కుతుంది. నజ్ద్ ప్రాంతపు పాత మట్టి ఇళ్ళ నడుమ సందులు ఇరుకుగా ఉండడంలోని ఔచిత్యం ఇదే.

పొడిగాలి మరొక మాయ చేస్తుంది. చెమట పట్టిన వెంటనే ఆవిరైపోవడంతో ఒళ్ళు తడిసినట్లే తోచదు. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడిని తీసుకొనిపోతుంది. దానితోపాటు దేహంలోని నీరూ పోతుంది. దాహం వేసే లోపలే పసివారు వాడిపోతారు. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని ఇక్కడి ప్రభుత్వ నిబంధన. ఇంటివారికీ అది మంచి హెచ్చరికే.

కాబట్టి ఒప్పందంపై సంతకం చేసే ముందు, ఇల్లాలు రోజూ బయలుదేరే వేళకే బకాలా దాకా ఇద్దరూ కలిసి ఒకసారి నడిచి చూడండి. దాటవలసిన పెద్ద రోడ్లు ఎన్నో లెక్కించండి. వీధి దిక్కు గమనించండి. గది ఒకటి తక్కువైనా సర్దుకొనవచ్చు. గడప దాటలేని ఇంట్లో ఏళ్ళు గడపడం కష్టం.