అమ్మ చీర.. నా లెక్క తప్పని చెప్పింది!

'బాహుబలి' మొదటి భాగంలో ఆ జలపాతం గుర్తుందా? 2015లో అది చూసినప్పుడు నేను ఇంజినీరింగ్ మొదటి ఏడాది. ఆ నీళ్లను హైదరాబాద్‌లోనే, మకుట వీఎఫ్ఎక్స్ వాళ్లు కంప్యూటర్లలో పుట్టించారని తెలిశాక నిద్ర పట్టలేదు.

మాది నల్లగొండ జిల్లా, మిర్యాలగూడ దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పెరిగినోణ్ని. పగలు ఆఫీసులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తా. రాత్రిళ్లు యానిమేషన్. ఓ స్టూడియోకి పంపడానికి పది సెకన్ల వీడియో మొదలుపెట్టా. అమ్మ కాలువలో చీర జాడిస్తున్న సీన్. చిన్నదే కదా అనుకున్నా. నాలుగు నెలలు తినేసింది!

రెండూ కలిస్తేనే తంటా

నీళ్లు మాత్రమే అయితే దారులున్నాయి. 1999లో జోస్ స్టామ్ 'స్టేబుల్ ఫ్లూయిడ్స్' పేపర్‌తో ఆ లెక్క చాలా తేలికైంది. గుడ్డ మాత్రమే అయితే చిన్న చిన్న స్ప్రింగుల వల అనుకోవచ్చు. కానీ నీళ్లు చీరను నెడతాయి. వంగిన చీర నీళ్ల దారి మారుస్తుంది. ఆ నీళ్లు మళ్లీ చీరను నెడతాయి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమ్‌లో ఈ తోపులాట ఎన్నోసార్లు లెక్కకట్టాలి.

నేను ముందు నీళ్లు, తర్వాత చీర, మళ్లీ నీళ్లు.. ఇలా వంతులవారీగా లెక్క వేశా. మూడో ఫ్రేమ్‌కే చీర ముక్కలై ఆకాశంలోకి ఎగిరింది! మామూలుగా ఇలాంటప్పుడు లెక్కలో కాలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తే కుదురుకుంటుంది. అదీ పని చెయ్యలేదు.

అమ్మ చెప్పిన ఫిజిక్స్

దసరాకి ఇంటికెళ్లి అమ్మకు చూపించా. ఒకటే నవ్వు.

"గిదేంది బిడ్డా, గాలిపటం లెక్క ఎగురుతుంది? నీళ్లల్ల చీరను గుంజితే ఉత్త చీరే వస్తదా? దానెంబడి నీళ్లు గూడ గుంజాలె. అందుకే రెక్కలు నొస్తయ్."

నా తప్పు అక్కడే ఉంది. దీన్నే నిపుణులు 'యాడెడ్ మాస్' అంటారు. చీర తేలిక, అది కదిలించాల్సిన నీళ్లు బరువు. వంతులవారీ లెక్కలో ఆ బరువు చీరకు ఆలస్యంగా తెలుస్తుంది. చిన్న తప్పు అడుగడుగుకీ పెద్దదై చివరికి పేలుతుంది. పరిష్కారం? ప్రతి అడుగులో చీర, నీళ్లు ఒకే మాట మీదకి వచ్చేదాకా రెండింటినీ కలిపి లెక్కకట్టడం. ల్యాప్‌టాప్ రాత్రంతా మోగింది. కానీ చీర నిలిచింది.

ఇది సినిమా గోలే అనుకోకండి. 1972లో చార్లెస్ పెస్కిన్ ఇలాంటి లెక్కనే గుండె కవాటాల కోసం కట్టారు. అక్కడ నీళ్ల బదులు రక్తం, చీర బదులు కవాటం రేకులు. మీకూ ఆసక్తి ఉంటే ఉచితంగా దొరికే బ్లెండర్‌తో మొదలెట్టండి.

వీడియో పంపా. స్టూడియో నుంచి ఇంకా ఫోన్ రాలేదు. అమ్మకు వాట్సాప్‌లో పెడితే మాత్రం వెంటనే చేసింది.

"ఇగో, ఇప్పుడు తడిసింది బిడ్డా!"