మందలో పడుకున్నామని డాక్టరుకు చెప్పండి

ధర్మపురి వెళ్లేవారికి రైలు దిగాక కూడా కొంత ప్రయాణం మిగిలే ఉంటుంది. ఆ ఊళ్లో స్టేషను లేదు. కాజీపేట - బల్లార్షా మార్గంలో మంచిర్యాల దగ్గర దిగి, లక్సెట్టిపేట మీదుగా రాయపట్నం వంతెన దాటి రావాలి. లేదా పెద్దపల్లి నుంచి నిజామాబాదు వైపు పోయే రైల్లో జగిత్యాల దగ్గర దిగి బస్సెక్కాలి. ఈ రెండో మార్గం 2017లో గాని నిజామాబాదు దాకా పూర్తి కాలేదు. గోదావరి స్నానం, నరసింహస్వామి దర్శనం అయ్యాక చాలామంది తిరుగు ముఖం పడతారు. కాని మీలో కొందరికి, ముఖ్యంగా పిల్లలు వెంట ఉన్నవారికి, దారిలో కనిపించిన గొర్ల మంద దగ్గర ఒక రాత్రి గడపాలనిపిస్తుంది. ఈ వారం మాట వారితోనే.

వద్దని అనడం లేదు సుమా! చూడవలసిన బతుకే అది. కోతలయ్యాక గొల్ల కురుమలు మందలు తోలుకొని మేత ఉన్న చోటికల్లా పోతారు. రాత్రి ఏదో ఒక రైతు పొలంలో మంద పెడతారు. పెంట, మూత్రం భూమికి ఎరువు. అందుకు రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. నల్ల ఉన్నితో నేసిన గొంగడే కాపరికి దుప్పటి, గొడుగు, పరుపు. మీరు మాత్రం ఆ గొంగడి ఒక్కటే నమ్ముకొని నేల మీద పడుకోకండి. దగ్గర ఊళ్లో ఒక నులక మంచం అడిగి తెప్పించుకోండి. దోమతెర కట్టి, దాని అంచులు పక్క కిందికి దోపండి. కట్లపాము రాత్రిపూట నిద్రలో ఉన్నవారినే కరుస్తుంది. నొప్పి అంతగా తెలియదు కూడా. తెర దోమల్నే కాదు, దాన్నీ ఆపుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. మందలో గొర్రెలతో పాటు నాలుగైదు మేకలుంటాయి. తెల్లవారుతూనే కాపరి చెంబులో పాలు పిండి మీ ముందు పెడతాడు. "తాగుండ్రి సారూ, ఇప్పుడే పిండిన, గోరువెచ్చగున్నయి" అంటాడు. నురగ తేలుతున్న పాలు, ప్రేమగా పెట్టిన చెయ్యి, కాదనడం ఎలాగ? పైగా పచ్చిపాలు బలమని మన పెద్దలు కూడా చెప్పారాయె! కాదనకండి. "ఒక్క పొంగు రానియ్యన్నా, చాయ్ పెట్టుకుందాం" అనండి. అతడు నొచ్చుకోడు, మీరు బతికిపోతారు.

ఈ పాల కథ పాతదే. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిషు సైనికులు నెలల తరబడి జ్వరంతో మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు దానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి మరో పద్దెనిమిదేళ్లు పట్టింది. 1905లో జామిట్ అనే స్థానిక వైద్యుడు మేకల్ని పరీక్షిస్తే, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకల్లోనే అది దొరికింది! మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపారు. జ్వరాలు అమాంతం తగ్గిపోయాయి. బ్రూస్ పేరు మీదనే దాన్ని బ్రూసెల్లోసిస్ అంటున్నాం. మన దేశపు మందల్లోనూ ఉంది. పాలు పొంగితే ఆ క్రిమి చస్తుంది. అంత సులువు.

పాలొక్కటే దారి కాదు. ఈనేటప్పుడు వచ్చే మాయలో, ఈచుకుపోయిన పిల్లలో ఆ క్రిమి మెండు. గొర్రె ఈనుతుంటే పిల్లలు ఉబలాటపడి చెయ్యి వేస్తారు; చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. గర్భవతులు ఆ దరిదాపులకే పోకూడదు.

చిక్కేమిటంటే, ఈ జ్వరం మందలో ఉండగా రాదు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి నెలలు గడిచాక వస్తుంది. అప్పటికి మీరు ఇంట్లో, ఆఫీసు పనిలో ఉంటారు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది. రాత్రి చెమటలు పట్టి దిండు తడుస్తుంది. పొద్దునకు తేలిక. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. నడుము పట్టేస్తుంది, కీళ్లు లాగుతాయి, అన్నం సయించదు. మగవారికి కొందరిలో వృషణాలు వాస్తాయి. సిగ్గుపడి ఆ మాట దాస్తారు. టైఫాయిడన్నారు, మలేరియా అన్నారు, క్షయ కావచ్చునన్నారు. వారం రోజుల బిళ్లలకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఇందులో డాక్టరును తప్పుపట్టలేం. పట్నంలో ఉండే గుమాస్తా మందలో పడుకొని వచ్చాడని ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆయన అడగకపోయినా మీరే చెప్పాలి: "ఫలానా నెలలో గొర్ల మంద దగ్గర ఉన్నాను, పచ్చిపాలు తాగాను." ఆ ఒక్క మాటతో ఆయన చేయించే రక్తపరీక్ష మారుతుంది. చికిత్స సాధారణంగా రెండు మందులు కలిపి, ఆరు వారాల పాటు ఉంటుంది. రెండో వారానికే ఒళ్లు తేలికపడిందని మానేశారో, మళ్లీ మొదటికే వస్తుంది. వెన్నెముకలో, అరుదుగా గుండె కవాటాల్లో చేరిందంటే అది వేరే కథ.

కుక్కల సంగతి కూడా ఒక ముక్క. మంద కుక్క కొత్తవారిని సహించదు. కరిచినా, గోరు గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం అద్దకండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా కొందరికి పోలేదు. ఇప్పుడవి లేవు, చేతికే నాలుగైదు. నిమిరిన చేతుల్ని కడుక్కోకుండా అన్నం తినడం కూడా మంచిది కాదు, కుక్కల నుంచి వచ్చే ఒక రకం పురుగు కాలేయంలో నీటి తిత్తులు కడుతుంది. తిరుగు రైలెక్కే ముందు స్నానం చేసి, పిల్లల చెవుల వెనుక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూడండి. కొందరు వాటినే గోమార్లంటారు.

మీకు ఆ జ్వరమేనని తేలితే మరో పని ఉంది. పాలిచ్చిన కాపరికి కబురు పంపండి. ఆ మేకల పాలే అతడి పిల్లలూ తాగుతున్నారు. నడుం నొప్పిని అతడు నడక వల్ల వచ్చిందనుకొని ఏళ్లుగా ఓర్చుకుంటూ ఉండవచ్చు. మందకు పశువైద్యుడి చేత రక్తపరీక్ష, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోమనండి.