ఒంటె సృష్టిలో ఒక సూచన

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్ఆన్ 88వ సూరా అల్ గాషియాలో అల్లాహ్ మానవుణ్ణి ఆకాశం, పర్వతాలు, భూమి వైపు చూడమన్నాడు. వాటన్నిటి కంటే ముందు ఒంటె సృష్టిని పరిశీలించమన్నాడు.

అరేబియా ఎడారిలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఒంటె నీరు లేకుండా రోజుల తరబడి ప్రయాణిస్తుంది. దాని మూపురంలో నీరు నిలువ ఉంటుందని చాలామంది భావిస్తారు. నిజానికి అందులో ఉన్నది కొవ్వు. ఒంటె మనుగడ నీటిని నిలువ చేయడంపై కాదు, వృథా చేయకపోవడంపై ఆధారపడి ఉంది.

ఎండ తగలగానే మన శరీరం చెమటోడుస్తుంది. దప్పిగొన్న ఒంటె శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీలకు తగ్గి, పగలు 40 డిగ్రీల వరకు పెరుగుతుంది. ఆ లోపు అది చెమటను దాదాపుగా విడువదు. పగటి వేడిని రాత్రి చల్లదనంలో వదిలివేస్తుంది. దాని మూత్రం చిక్కన, పెంటికలు పొడి. విడిచే శ్వాసలోని తేమను సైతం ముక్కుపొరలు పట్టి ఉంచుతాయి. శరీర బరువులో నాలుగో వంతు మేర నీరు కోల్పోయినా అది బ్రతుకుతుంది. నీరు దొరికినప్పుడు కొద్ది నిమిషాల్లోనే సుమారు 100 లీటర్లు త్రాగుతుంది. కోలగా ఉండే దాని ఎర్ర రక్తకణాలు అప్పుడు ఉబ్బుతాయే గాని పగిలిపోవు. సుబ్‌హానల్లాహ్!

సోదరులారా! ఒంటెకు ఈ పొదుపు స్వభావంలోనే లభించింది. మనకు మాత్రం అల్లాహ్ ఎంపిక స్వేచ్ఛనిచ్చాడు. కనుక లెక్క చెప్పవలసినదీ మనమే. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ఇంచుమించు ముప్పావు లీటరుతో, వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మన మస్జిదు కుళాయిల క్రింద ఒక్కొక్కరి వుజూకు ఎన్ని ముద్ద్‌లు మురుగుపాలవుతున్నాయి? దుబారా చేసేవారిని ఖుర్ఆన్ (17:27) షైతాను సోదరులుగా పేర్కొన్నది. ఆరాధనకు సిద్ధమయ్యే వేళనే ఆ పాపానికి ఒడిగట్టడం తగునా?

దప్పికతో అలమటిస్తున్న కుక్కకు నీరు త్రాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని ప్రవక్త (స) తెలియజేశారు. కాబట్టి కుళాయిని కట్టివేద్దాం. మిగిలిన నీటిలో కొంత ఈ వేసవిలో మూగజీవుల కోసం వాకిట ఉంచుదాం.

అల్లాహ్ మనందరికీ తన సూచనలను గ్రహించే హృదయాన్ని, తన అనుగ్రహాలను పొదుపుగా వాడుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.