గోష్ఠిగానమున కొత్త గొంతులు

చాదర్‌ఘాట్ వంతెన దాటి కోఠి మీదుగా నడచినచో రాంకోఠి. 1952లో వెలసిన సంగీత నృత్య కళాశాల, నేడు త్యాగరాజస్వామి పేర, అచటనే యున్నది. పుష్యమాసము వచ్చినదనగా నగరమున ఆరాధనోత్సవములకు అదను. ఒకరు పాడగా పదుగురు వినుట మన సంగీతమునకు అలవాటు. ఘనరాగ పంచరత్నములను మాత్రము పదుగురును కూడి పాడుదురు. వానిలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును మన తెలుగే.

ఈ పంక్తిలో కొత్తవారికి చోటు సులభముగా దొరకలేదు. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి మందిరము కట్టించి 1925లో ప్రతిష్ఠ చేయించినది బెంగుళూరు నాగరత్నమ్మ. అయినను, స్త్రీ యగుటచే ఆరాధనలో ఆమెకే పాడు హక్కు లేకపోయినది! ఆమె స్త్రీలను కూర్చి వేరుగా ఉత్సవము నడపినది. 1940 ప్రాంతమున పక్షములు ఏకమైన పిదపనే నేటి గోష్ఠి రూపు దిద్దుకొన్నది.

నేర్వనివారు చేరిన శ్రుతి చెడదా అను పెద్దలు కలరు. ఆ భయము నిరాధారము కాదు. ఐదును ఆదితాళమే యైనను, స్వరము పాడి వెంటనే దాని సాహిత్యము నందుకొనవలెను. కొత్తవాడు తడబడునది అచటనే. అయితే వరాళి సంగతి చూడుడు. ఎదుట కూర్చుండబెట్టి వరాళి నేర్పినచో గురుశిష్యులకు ఎడబాటు కలుగునని యొక నమ్మిక. (మన తరగతులలో అందుకు వరాళి అక్కరలేదు!) అట్టి రాగమును విని నేర్చుటకు గోష్ఠికంటె తగిన తావేది? విద్యార్థి వెనుక వరుసలో కూర్చుండి, తొలియేడు సాహిత్యము మాత్రమే పలికి, మరుయేడు స్వరము నందుకొనవచ్చును. ముందు వరుసవారు తాళము కొంచెము గట్టిగా వేసిన చాలును.