కంకర రాళ్ల కడుపులో స్ఫటికాలు

మహారాష్ట్రలో పుణె నగర శివార్లలో వాఘోలీ అనే ఊరు ఉంది. అక్కడి క్వారీల్లో నల్లరాతిని పేల్చి, క్రషర్లలో వేసి, రోడ్లకూ భవనాలకూ కావలసిన కంకర తయారు చేస్తారు. అయితే ప్రపంచంలోని ఖనిజ సేకర్తలకు ఈ ఊరి పేరు తెలిసింది కంకర వల్ల కాదు, కావన్‌సైట్ అనే నీలి ఖనిజం వల్ల. రాతి తొర్రలో, తెల్లని స్టిల్‌బైట్ స్ఫటికాల నడుమ, నెమలికంఠం రంగులో చిన్న చిన్న గుత్తులుగా ఇది కనిపిస్తుంది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో దొరికిన నమూనాల ఆధారంగా 1973లో శాస్త్రజ్ఞులు దీన్ని తొలిసారి వర్ణించారు. కానీ అత్యంత అందమైన నమూనాలు వచ్చింది మాత్రం వాఘోలీ నుంచే. కాల్షియం, వెనేడియం, సిలికేట్ అనే మూడు మాటల కలయికే దాని పేరు. ఆ నీలిరంగు వెనేడియం చలవే.

తొర్రలు ఎలా వచ్చాయి?

సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమ, మధ్య భారతంలో నేల నెర్రెల నుంచి లావా పొరలు పొరలుగా పొంగి ప్రవహించింది. అలా ఏర్పడిన బసాల్ట్ శిలలే దక్కన్ ట్రాప్స్. ఇవి నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉన్నాయి. తెలంగాణలోని వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోనూ ఈ నల్లరాయి కనిపిస్తుంది.

పెనం మీద దోసె కాలేటప్పుడు బుడగలు పైకి వచ్చి చిల్లులు పడతాయి కదా! లావాలోని వాయువులు కూడా అలాగే పైకి లేచాయి. లావా గట్టిపడటంతో కొన్ని బుడగలు లోపలే చిక్కుకుని తొర్రలుగా మిగిలాయి. తర్వాతి కాలంలో వేడినీరు ఆ రాతి పగుళ్ల గుండా పారుతూ కాల్షియం, సోడియం, అల్యూమినియం, సిలికా వంటివాటిని కరిగించుకుంది. తొర్రల్లోకి చేరాక వాటిని మెల్లగా స్ఫటికాలుగా వదిలింది. అక్కడ ఖాళీ జాగా ఉంది కాబట్టి స్ఫటికాలు నున్నని ముఖాలతో, పదునైన అంచులతో పెరిగాయి.

ఈ తొర్రల్లో ఎక్కువగా దొరికేవి జియోలైట్లు. 1756లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెట్ ఇలాంటి ఖనిజాన్ని వేడిచేస్తే అది నురగలు కక్కింది. అందుకే గ్రీకు భాషలో ‘మరిగే రాయి’ అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. జియోలైట్ లోపల అతి సూక్ష్మమైన గదులూ దారులూ ఉంటాయి. నీరు నిలిచేది వాటిలోనే. ఈ నిర్మాణం ఆధారంగానే కృత్రిమ జియోలైట్లను తయారు చేసి బట్టల సబ్బుపొడుల్లోనూ, చమురు శుద్ధి కర్మాగారాల్లోనూ వాడుతున్నారు.

ఏది ఏమిటో గుర్తించడం

స్టిల్‌బైట్ నడుముకు కట్టిన గడ్డిమోపులా ఉంటుంది. అపోఫిల్లైట్ నాలుగు పలకల స్తంభంలా, గాజులా మెరుస్తుంది. ఇది జియోలైట్ కాకపోయినా వాటి తోడుగానే దొరుకుతుంది. ఒకినైట్ అచ్చం దూది ఉండే. వేలు తగిలినా, నీళ్లు పోసినా దాని సన్నని పోగులు అణిగిపోతాయి. కాల్సైట్‌నూ క్వార్ట్జ్‌నూ వేరుచేయడం తేలిక. చాకుతో గీస్తే కాల్సైట్ మీద గీత పడుతుంది, క్వార్ట్జ్ మీద పడదు. కాల్సైట్ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలు కూడా వస్తాయి.

పేలుడే చూపిస్తుంది, క్రషరే మింగేస్తుంది

క్వారీ లేకపోతే ఈ తొర్రలు బయటపడవు. ముంబై, పుణెల మధ్య భోర్ ఘాట్‌లో 1863లో పూర్తయిన రైలుమార్గం కోసం కొండలు తొలిచినప్పుడు కూడా ఇలాంటి స్ఫటికాలు బయటపడి యూరప్ మ్యూజియాలకు చేరాయి. అయితే పేలుడుకూ క్రషర్‌కూ మధ్య వ్యవధి చాలా తక్కువ. ఆలోగా ఎవరి కంటా పడకపోతే స్ఫటికం కంకరలో కలిసిపోతుంది.

దొరికినదాన్ని తొందరపడి రాతి నుంచి ఊడదీస్తే మరో నష్టం. ఏ ఖనిజం అడుగున ఉంది, దాని మీద ఏది కూర్చుంది అన్నదాన్ని బట్టే ఏది ముందు పెరిగిందో, నీటి రసాయన గుణం ఎలా మారిందో శాస్త్రజ్ఞులు తెలుసుకుంటారు. అందుకే నమూనాను కింది రాతితో సహా తీయాలి. ఊరు, క్వారీ, తేదీ, ఎంత లోతులో ఏ పొరలో దొరికిందో చీటీ మీద రాసి దానితోపాటే ఉంచాలి. నగరం విస్తరించి క్వారీ పూడిపోయిన రోజున ఆ చోటికి మిగిలే సాక్ష్యం ఆ చీటీయే. చీటీ లేని స్ఫటికం అలంకరణ వస్తువు మాత్రమే.

క్వారీకి వెళ్లాలంటే యజమాని అనుమతి తప్పనిసరి. హెల్మెట్, కళ్లద్దాలు, గట్టి బూట్లు ఉండాలి. పేలుళ్ల వేళల్లో ఆ దరిదాపులకు వెళ్లకూడదు. కొత్తగా పేల్చిన రాతిగోడ కింద నిలబడకూడదు. పక్కన పడేసిన రాళ్లకుప్పలో, అదీ అక్కడి పనివాళ్లు చూపిన చోట వెతకడం మేలు. ఏ మూల తొర్రలు తగులుతున్నాయో రోజూ రాయి కొట్టేవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

హైదరాబాద్ చుట్టుపక్కల కంకర ఎక్కువగా గ్రానైట్‌దే. అందులో ఇలాంటి తొర్రలు ఉండవు. అయినా ఇంటి ముందు పోసిన కంకర కుప్పలోంచి ఒక రాయి తీసి చూస్తే గులాబీరంగు ఫెల్డ్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, నల్లని అభ్రకం పలుకులు కనిపిస్తాయి. ఖనిజాల చదువు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ రాయి ఏ క్వారీ నుంచి వచ్చిందో లారీ డ్రైవర్‌ను అడిగి రాసుకుంటే మొదటి చీటీ సిద్ధమైనట్టే.